బంతిలో చివరి విస్తరి

కృష్ణా పశ్చిమ డెల్టాలో పొదుపు వెనుక ఒక పెద్ద కరువు ఉంది. 1832–33లో వచ్చిన నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టింది. ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని లెక్క. దాన్నే డొక్కల కరువు అనీ అంటారు. విజయవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయి, కాలువ నీళ్లు తెనాలి, రేపల్లె వైపు పారాక వరి పండింది, కడుపు నిండింది. భయం మాత్రం తరాలు మారినా పోలేదు. గాదె అడుగు కనబడకూడదు, కంచంలో మెతుకు మిగలకూడదు, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు వెనక్కి తీయాలి అన్న ఇంటి కట్టుబాట్లలో ఆ భయం ఛాయ కనిపిస్తుంది.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో ఉన్న భట్టిప్రోలు 2022 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. ఊరి చుట్టూ మాగాణి, ఊళ్లో మగ్గాలు. రైతు పొదుపు, నేతగాడి పొదుపు పక్కపక్కనే పెరిగిన ఊరు ఇది. ఆ పొదుపుతో పాటు అతిథి మర్యాద, పెద్దల ముందు నడత, మాట మీద నిలబడటం అన్నీ కలిపి పెద్దలు ‘పాత రోజుల పద్ధతి’ అంటారు. ఆ పద్ధతి పోయిందని బాధపడేవారున్నారు, పోయిందే మేలనేవారూ ఉన్నారు. ఈ రెండు పక్షాలనూ ఎదురెదురుగా నిలబెట్టడానికి ఈ సంవాదంలో ఇద్దరిని ఎంచుకోవడమైంది. ఒకరు చేనేత సహకార సంఘంలో పద్దులు రాసి విరమించిన మావయ్య. రెండోవారు తెనాలిలో పాఠాలు చెప్పే ఆయన మేనకోడలు. పేర్లు అక్కర్లేదు. ఇలాంటివారు ఈ ప్రాంతంలో ఏ వీధి అరుగు మీదైనా దొరుకుతారు.

మావయ్య వాదం వంటింటి నుంచి మొదలవుతుంది.

మావయ్య: “అమ్మాయ్, మా అమ్మ ఊక పొయ్యి పెట్టేది. రేకు డబ్బా నడుమ ఖాళీ సీసా నిలబెట్టి, చుట్టూ ఊక పోసి, పిడికిలితో గట్టిగా కూరేది. సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగితే మధ్యలో గుండ్రటి బొక్క మిగిలేది. కింద కంతలో పుల్ల వెలిగించి పెడితే అన్నం, పప్పు, కూర అయ్యాక కూడా నీళ్లు కాగుతూనే ఉండేవి. గంజి పారబొయ్యడమనేది లేదు. కాస్త ఉప్పేసి మాకు తాగించేది, మిగిలింది చీరలకు పెట్టేది, ఇంకా ఉంటే గేదె కుడితిలోకి పోయేది. రాత్రి అన్నం మిగిలితే పొద్దున చద్ది. చింతపండు పిప్పితో ఇత్తడి బిందె తోమేది. చీర చిరిగితే లంగా, లంగా చిరిగితే పసిపిల్లల పొత్తిగుడ్డలు, చివరికి పీలికలన్నీ కలిపి బొంత. మా ఇంట్లో చెత్తబుట్ట అంటే ఏంటో తెలియదు. ఇవాళ వీధి చివర చూడు, కవర్ల గుట్ట.”

మేనకోడలు: “ఊక పొయ్యి నేనూ చూశాను మావయ్యా. తెల్లవారకముందే లేచి ఆ ఊక కూరింది ఎవరు? ఆ పొగకి కళ్లు మండింది ఎవరికి? డబ్బు మిగిలిన మాట నిజమే. ఆ మిగిలిన డబ్బు అమ్మమ్మ చేతికి వచ్చిందా? ఆవిడ చాకిరీని ఎవరూ లెక్కలో వెయ్యలేదు గనక అది చవగ్గా కనబడింది. ఆ గంటలకు కూలి కట్టి చూడండి, గ్యాసు బండే చవక అని తేలుతుంది.”

మావయ్య: “అప్పుడందరూ కష్టపడ్డారమ్మా. మగాళ్లు చేలో నడుం వంచారు.”

మేనకోడలు: “వంచారు. చేలోంచి వచ్చాక అరుగు మీద కూర్చున్నారు. అమ్మమ్మకు అరుగు లేదు.”

ఇక్కడ మేనకోడలి పక్షమే బలమైంది. ఊక, గంజి, పిప్పి, పీలిక దేనికి అది పనికొచ్చేలా చేసిన నేర్పు గొప్పది, అందులో అనుమానం లేదు. ఆ నేర్పు ఆడవాళ్లది. పేరు మాత్రం ‘ఇంటాయన పొదుపరి’ అని వచ్చింది.

నేత ఇళ్లలో పొదుపు మరో రకం. అది మంచి అలవాటుగా నేర్చుకున్నది కాదు, కూలి చాలక తప్పనిసరైనది. గుంట మగ్గం మీద ఒక పడుగు అయిపోయాక నేతగాడు అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలు తెంపి పారెయ్యడు. కొత్త పడుగులోని ఒక్కో పోగును తెచ్చి ఒక్కో పాత కొసకు నలిచి అతుకుతాడు. అన్ని పోగులూ మళ్లీ మొదటి నుంచి ఎక్కించే పని తప్పుతుంది, నూలూ వృథా కాదు. వేళ్లకు కాస్త బూడిదో విభూదో అద్దుకుని, వందల పోగులు వరుస తప్పకుండా అతకడానికి కళ్లు, ఓపిక రెండూ కావాలి. పెద్ద వర్షాలకు మగ్గం గుంటలోకి నీరు ఊరితే నేత ఆగిపోతుంది, కూలి ఆగిపోతుంది. ఆ రోజుల కోసం దాచుకోకపోతే పస్తే. అందుకే చేనేత సంఘాల్లో త్రిఫ్ట్ ఫండ్ వచ్చింది. నేతగాడి కూలిలో కొంత పట్టి, ప్రభుత్వం కొంత కలిపి అతని పేరున జమ చేసే పథకం అది.

మావయ్య: “సంఘంలో ఆ పద్దులు నేనే రాశాను. వారం వారం వచ్చే కూలిలోంచి నాలుగు డబ్బులు పోతుంటే మొదట సణుక్కునేవాళ్లు. కూతురి పెళ్లికి ఆ మొత్తం చేతికొచ్చినప్పుడు వాళ్ల ముఖాలు చూడాల్సింది. పొదుపంటే ఆ సంతోషం.”

మేనకోడలు: “ఆ పద్దులో కండెలు చుట్టిన భార్య పేరుందా మావయ్యా? ఆసు పోసిన తల్లి పేరుందా? మగ్గం మీద కూర్చున్నవాడికే ఖాతా. ఇంటిల్లిపాదీ నేసిన చీరకు సంఘం ఒక్కడికే కూలి రాసింది.”

మావయ్య: “ఆ సంగతి నాకు తెలుసు. రిజిస్టర్లో ఒక్క గడే ఉండేది.”

అతిథి మర్యాద దగ్గర మావయ్య స్వరం మారుతుంది. ఈ విషయంలో ఆయన దగ్గర చెప్పుకోదగ్గ బలమే ఉంది.

మావయ్య: “అప్పుడు ఫోన్లెక్కడివి? రేపల్లె బండి దిగి చుట్టం సరాసరి వచ్చేవాడు. గుమ్మంలో చెంబుతో నీళ్లు, కూర్చోగానే మజ్జిగ. ‘భోంచేశారా’ అని ఎవరూ అడిగేవారు కాదు, ఆకు వేసేవారు. ఎందుకొచ్చావని గానీ, ఎన్నాళ్లుంటావని గానీ అడగడం తప్పు. వెళ్లేటప్పుడు చేతికి నాలుగు అరటిపళ్లో, సోలెడు పెసలో ఇచ్చి పంపడం. ఇప్పుడు ముందు ఫోను చెయ్యకుండా వెళ్తే గుమ్మంలోనే మొహం చిట్లిస్తున్నారు. ‘టీ తాగుతారా’ అని అడుగుతున్నారు. అడిగితే ఎవడు తాగుతానంటాడు?”

మేనకోడలు: “రాత్రి పదింటికి చుట్టం బండి దిగితే ఆరిన పొయ్యి మళ్లీ ఎవరు ముట్టించారు? నిద్రపోయిన అత్తయ్యని లేపారు. ఇంట్లో ఉన్న పెరుగంతా అతిథికి వేసి, అత్తయ్య నీళ్ల మజ్జిగ తాగింది. అతిథికి పెట్టడం పుణ్యమైతే ఆ పుణ్యం మీ ఖాతాలో పడింది, నిద్ర ఆవిడ ఖాతాలోంచి పోయింది. ముందుగా ఫోను చేసి రావడం వండేవాళ్ల మీద చూపించే మర్యాదే మావయ్యా. అదొక కొత్త మర్యాద.”

మావయ్య: “సరే, అది ఒప్పుకుంటాను. చావు ఇంటి సంగతి చెప్పు మరి. మన వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఇరుగుపొరుగు పొయ్యి వెలిగించేవారు కాదు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్లకు కూడు మేం పంపేవాళ్లం. 1977 నవంబరులో ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టిందే, ఏటికి అవతలి ఒడ్డు అది. కట్టుబట్టలతో మిగిలినవాళ్లకు పెట్టిన అన్నం గురించి ఎవరూ లెక్క రాసుకోలేదు. కులం కూడా అడగలేదు. ఇప్పుడు పక్క ఫ్లాటులో మనిషి పోయినా లిఫ్టు దగ్గర అంబులెన్సు చూస్తే గాని తెలియడం లేదు.”

మేనకోడలు దీనికి ఎదురు చెప్పలేదు. చెప్పడానికీ లేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఆ ఉప్పెనలో పది వేల మందికి పైగా చనిపోయారు. డెల్టా పల్లెలు ఒకరినొకరు ఆదుకోకుండా ఆ రోజులు గడిచేవి కావు. దుఃఖం వచ్చిన ఇంటికి పిలవకుండానే వెళ్లడం పాత పద్ధతిలోని మేలిమి. పిలుపు పెళ్లికే గాని చావుకు ఉండదన్న నియమం నేటికీ పల్లెల్లో నిలిచి ఉంది, పట్నాల్లో పలచబడింది.

అసలు వివాదం పెళ్లి భోజనాల దగ్గర మొదలవుతుంది. బంతి భోజనం పోయి బఫే రావడం పాత పద్ధతి పోయిందనడానికి పెద్దలు మొదట చూపే గుర్తు.

మావయ్య: “కూర్చోబెట్టి వడ్డించడం మర్యాద. ఆకు పరిచి, నీళ్లు చల్లి, పప్పు, నెయ్యి, కూర, పచ్చడి, పులుసు, పెరుగు ఒక వరుసలో వచ్చేవి. పెళ్లివారి పెద్ద బంతి చివరిదాకా నడిచి ‘నెమ్మదిగా భోంచెయ్యండి, ఏం కావాలో అడగండి’ అని ప్రతి ఆకు ముందూ ఆగేవాడు. ఇప్పుడు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి అడుక్కుతినడం. నలభై రకాలు పెట్టి, అందరూ అన్నీ వేసుకుని, సగం తొట్లో పారేస్తున్నారు. ఆ తొట్టి చూస్తే నాకు అన్నం దిగదు.”

మేనకోడలు: “పారెయ్యడం తప్పే, అది నేనూ ఒప్పుకుంటాను. మీరు చెప్పే బంతిలో ఎవరు కూర్చున్నారు? మొదటి బంతి ఏ కులానిది, రెండోది ఎవరిది, పందిరి బయట ఎండలో ఎవరు ఆగారు, ఆఖరున మిగిలింది ఎవరు గిన్నెల్లో పట్టుకెళ్లారు? విస్తళ్లు ఎత్తినవాళ్లకు విస్తరి వేశారా? వంట చేసినవాళ్లు, వడ్డించినవాళ్లు, ఇంటి ఆడవాళ్లు అందరూ అయ్యాక అడుగు బొడుగు తిన్నారు. బఫేలో నా ముందు ఎవరు నిలబడ్డారో, నా వెనక ఎవరున్నారో ఎవరికీ పట్టదు. సహపంక్తి భోజనాలు పెట్టి సంస్కర్తలు ఏళ్ల తరబడి ఏ పని చెయ్యాలని చూశారో, ఆ పనిలో కొంత ఈ బఫే చేసింది.”

ఈ మాటను కొట్టిపారెయ్యలేం. పాత మర్యాదలన్నిటికీ ఒక పక్షం ఇచ్చేది, ఒక పక్షం పుచ్చుకునేది. ఎవరికి ఏ పక్షమో పుట్టుకే తేల్చేది. పిలుపులోనే అది బయటపడేది. పదేళ్ల కామందు కొడుకు అరవై ఏళ్ల పాలేరును ‘ఏరా’ అని పిలిచేవాడు. ఆ పాలేరు ఆ పిల్లవాణ్ణి ‘అయ్యా’ అనేవాడు. పెద్దలను గౌరవించాలని ఆ పిల్లవాడికి ఇంట్లో, బడిలో నేర్పినవారే ఈ పిలుపునూ నేర్పారు. టీ కొట్లో రెండు రకాల గ్లాసులు, చెప్పులు చేతపట్టి నడవాల్సిన వీధులు, అరుగు కింద నిలబడి మాట్లాడాల్సిన మనుషులు, ఇవన్నీ అప్పట్లో మర్యాద కిందే చెలామణి అయ్యాయి.

మేనకోడలు: “చుండూరు గుర్తుందా మావయ్యా? ఎక్కడో కాదు, తెనాలి పక్కన. సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత కుర్రాడి కాలు ముందు సీటులో కూర్చున్నవాడికి తగిలింది. అక్కడ రాజుకున్న గొడవ 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యదాకా వెళ్లింది. కాలు తగిలితే ‘సారీ’ అంటే సరిపోయే చోట ప్రాణాలు పోయాయి. ఎందుకంటే ఆ కుర్రాడు ఎక్కడ కూర్చోవాలో, కాళ్లు ఎలా పెట్టుకోవాలో మన ఊళ్ల మర్యాద ముందే రాసిపెట్టింది.”

మావయ్య: “అది మర్యాద కాదమ్మా, మదం.”

మేనకోడలు: “ఆ మదం మర్యాద పేరుతోనే తిరిగింది. ‘వాళ్లు ఇదివరకట్లా ఉండటం లేదు, గౌరవం పోయింది’ అన్న మాట అప్పుడు మన అరుగుల మీద ఎంతమంది అన్నారో మీకే తెలుసు.”

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. చుండూరు కేసు విచారణకు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టివేసి నిందితులను విడుదల చేసింది. పాత విలువల గురించి ఈ ప్రాంతంలో ఎవరు మాట్లాడినా ఈ సంగతిని దాటి వెళ్లడం న్యాయం కాదు.

మావయ్య: “ఒక్కటి మాత్రం నేనూ చూశాను. ఇప్పుడు బ్యాంకులో, ఆసుపత్రిలో, బస్సులో ఎవరినైనా ‘అండీ’ అంటున్నారు. మా నాన్న పాలేరు మనవడు బ్యాంకు కౌంటర్లో కూర్చుని ‘చెప్పండి’ అన్నాడు నన్ను. నేనూ ‘అండీ’ అన్నాను. మొదటిసారి నోరు తిరగలేదు. తర్వాత అలవాటైంది. అది మంచి మార్పే.”

అప్పు, నమ్మకాల విషయంలో పాత పద్ధతిని ఎక్కువగా పొగుడుతారు. నోటి మాట మీద వేల రూపాయలు చేతులు మారేవంటారు. గుంటూరు జిల్లా పల్లెల్లో నిజంగా నడిచింది ప్రోనోటు. అరఠావు కాగితం మీద రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకమో వేలిముద్రో వేయించిన ప్రామిసరీ నోటు. నూటికి నెలకు రూపాయిన్నరో రెండో వడ్డీ. నోటుకు మూడేళ్ల కాలపరిమితి. అది దాటకముందే బాకీదారు కొంత కట్టి, నోటు వెనక ‘ఫలానా తేదీన ఇంత చెల్లు’ అని రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు నోటుకు ప్రాణం వస్తుంది. ఈ ప్రాంతపు పాత నోటు తిప్పి చూస్తే వెనక వైపు వరసగా చెల్లులు కనిపిస్తాయి. ఒకటి నీలం సిరాతో, ఇంకొకటి నల్ల సిరాతో, మరొకటి తండ్రి పోయాక కొడుకు సంతకంతో. డబ్బు ఇవ్వలేని ఏడాది పది రూపాయలైనా కట్టి చెల్లు వేసి వెళ్లిన మనిషి కాలపరిమితిని అడ్డుపెట్టుకుని ఎగ్గొట్టగలిగీ ఎగ్గొట్టనివాడు.

మావయ్య: “అదీ నేను చెప్పేది. మూడేళ్లు దాటితే నోటు కోర్టులో చెల్లదని అందరికీ తెలుసు. అయినా వచ్చి చెల్లు వేసేవారు. తండ్రి బాకీ కొడుకు తీర్చేవాడు. ‘చెల్లు వెయ్యకపోతే వీధిలో తలెత్తుకు తిరగలేం’ అనేవారు. ఇప్పుడు ఫోన్లో యాప్ నుంచి అప్పు తీసుకుంటున్నారు, ఇచ్చినవాడి ముఖం తీసుకున్నవాడు చూడడు. ఎగ్గొడితే సిగ్గు ఎవరి ముందు?”

మేనకోడలు: “అంత నమ్మకమే ఉంటే నోటెందుకు రాయించారు మావయ్యా? చదువురానివాడి వేలిముద్ర ఖాళీ కాగితం మీద వేయించి, తర్వాత అంకె రాసుకున్న కథలు ఇదే మండలంలో ఉన్నాయి. తీర్చిన బాకీకి నోటు చింపి ఇవ్వకుండా దాచుకున్నవాళ్లు లేరా? ఆ సిగ్గు కూడా బాకీదారుకే గాని ఇచ్చినవాడికి లేదు. యాప్ అప్పులు మంచివని నేను అనను. మనుషుల పరువు తీసి వసూలు చేస్తున్నారు. పరువు మీద వసూలు చెయ్యడం మాత్రం వాళ్లు కనిపెట్టింది కాదు.”

ఈ వాదంలో ఇద్దరూ కొంత కొంత నిజం చెప్పారు. చెల్లు వేసే అలవాటు మాత్రం కాపాడుకోవాల్సినదే. తీర్చలేనప్పుడు ముఖం తప్పించకుండా, ఎదురుగా వచ్చి ‘ఇంతే ఉంది, మిగతాది రాసుకోండి’ అనగలగడం పెద్ద విలువ. అది ఇరువైపులా సమానంగా ఉండాలి.

చదివింపుల పుస్తకం కూడా ఇలాంటిదే. పెళ్లి పందిట్లో ఒక బల్ల వేసి, నాలుగు మూలలా పసుపు రాసిన నోటుబుక్కు ముందు ఒకరు కూర్చుంటారు. ఊరు, ఇంటిపేరు, పేరు, నూట పదహార్లో వెయ్యి నూట పదహార్లో, లేదంటే స్టీలు బిందె. ఆ పుస్తకం పెళ్లయ్యాక బీరువాలోకి వెళ్తుంది. ఎదుటి ఇంట్లో శుభకార్యం వచ్చిన రోజు దాన్ని తీసి, వాళ్లు మనకెంత చదివించారో చూసుకుని, కాస్త కలిపి చదివిస్తారు. పెళ్లి ఖర్చును ఊరంతా తలా కొంత ఎత్తుకుని, వడ్డీ లేకుండా ఏళ్ల మీద తిరిగి పుచ్చుకునే ఏర్పాటు ఇది. దీన్ని ఎవరు మొదలుపెట్టారో గాని చాలా తెలివైన ఏర్పాటు. అందులో దాదాపు అన్ని పేర్లూ మగవాళ్లవే ఉండటం మాత్రం మేనకోడలు ఊరికే వదల్లేదు.

మావయ్య: “పేరు ఎవరిదైతేనేం, ఇచ్చింది ఇల్లు.”

మేనకోడలు: “ఇల్లు ఎవరిది మావయ్యా? 1985 దాకా ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు పుట్టుకతో హక్కే లేదు. మన రాష్ట్రం చట్టం మార్చాకే కూతురికి కొడుకుతో సమానంగా వచ్చింది. దేశమంతటికీ అది రావడానికి 2005 పట్టింది. అందుకే అమ్మమ్మ పోపుల డబ్బాలో దాచుకుంది. సొంత డబ్బును సొంత ఇంట్లో దొంగలా దాచుకోవడాన్ని మీరు పొదుపు అంటున్నారు.”

దాచిన డబ్బు డబ్బా దాటి బయటకు వచ్చిన దారిని ఇక్కడ క్లుప్తంగా చెప్పుకోవాలి. తపాలా కార్యాలయాల్లో పొదుపు ఖాతాలు 1882లో మొదలయ్యాయి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు తెలుగువారి పొదుపుకు చాలాకాలం ఇంటి బ్యాంకుగా నిలిచి, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఈ రెండిటికంటే పెద్ద మార్పు తెచ్చింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. 1992లో సారా మీద తిరగబడిన ఆ ఉద్యమం నుంచే రోజుకు రూపాయి దాచే పొదుపు సంఘాలు ఊరూరా పాకాయి. సారాకు పోయే రూపాయి సంఘం పెట్టెలోకి వచ్చింది. పెట్టె తాళం ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర. ప్రతి సభ్యురాలికీ తన పేరున ఒక వరుస.

మేనకోడలు: “పొదుపు పోలేదు మావయ్యా, చేతులు మారింది. మీ సంఘం రిజిస్టర్లో లేని పేర్లు ఈ పుస్తకంలో ఉన్నాయి.”

మావయ్య: “మంచిదే. ఆ సంఘంలో తెచ్చిన అప్పుతో ఫ్రిజ్జు, పెళ్లికి డీజే పెడుతున్నవాళ్లనూ చూస్తున్నాను. పొదుపు సంఘం అప్పుల సంఘం అవుతోంది.”

అది వట్టి మాట కాదు. సంఘాల రుణానికి తోడు సూక్ష్మరుణ సంస్థల అప్పులు మీదపడి ఇళ్లు కూలాకే 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలను అదుపు చేసే ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఖర్చుకు ముందు ఆగి ఆలోచించే పాత గుణం విషయంలో మావయ్య ఆవేదన సరైనదే.

పెళ్లి ఆడంబరం పాత పద్ధతి చెడటం వల్ల వచ్చిందని పెద్దలు అనుకుంటారు. ఈ ప్రాంత చరిత్ర వేరే చెబుతుంది. ఐదు రోజుల పెళ్లిళ్లు, మేళాలు, పల్లకీలు, అప్పు చేసి పెట్టిన భోజనాలు పాతకాలానివే. పెళ్లి ఆడంబరాన్ని తగ్గించమన్నది సంస్కర్తలు. తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) వధూవరులకు అర్థమయ్యే తెలుగులో పెళ్లి జరిపించడానికి ‘వివాహవిధి’ రాశారు. ఆ బాటలో తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పురోహితుడు లేకుండా, కొద్ది ఖర్చుతో, ఒక పూటలో అయిపోయే పెళ్లిళ్లు చాలా జరిగాయి. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చాక కూడా కట్నం పెరుగుతూనే పోయింది. నిరాడంబరం కావాలనుకునేవారు తాతల వైపు చూడటం కంటే ఆ సంస్కర్తల వైపు చూడటం మేలు. తాతలు వాళ్లను అప్పట్లో వెలివేసినంత పని చేశారు.

దానం సంగతి చివరికి వచ్చింది. భట్టిప్రోలులో దానికి దేశంలోనే అరుదైన సాక్ష్యం ఉంది. ఊరి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు మూడు రాతి పేటికలు దొరికాయి. వాటిలో స్ఫటిక భరిణెలు, బుద్ధుడివని భావించే ధాతువులు ఉన్నాయి. పేటికల మీది బ్రాహ్మీ లిపి శాసనాలు క్రీస్తుకు పూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివని అంచనా. జార్జ్ బ్యూలర్ చదివి ప్రకటించిన ఆ శాసనాల్లో కుబేరక రాజు ఉన్నాడు, గోష్ఠిగా ఏర్పడి దానం చేసిన మనుషుల పేర్ల వరుస ఉంది, కుర అనే అతనూ అతని తల్లీ తండ్రీ ఉన్నారు. లోపల దొరికిన స్ఫటికం మీద నందపుర స్త్రీలు ఇచ్చిన దానం కూడా చెక్కి ఉంది.

మావయ్య: “చూశావా, పేర్లు చెక్కించుకున్నా పేటిక మీద చెక్కి స్తూపం లోపల మూసేశారు. రెండు వేల ఏళ్లు ఎవరూ చదవలేదు. ఇప్పుడు గుళ్లో ఫ్యాను ఇస్తే రెక్కల మీద ఇంటిపేరుతో సహా రాయిస్తున్నారు.”

మేనకోడలు: “వాళ్లు ఒక్కరే ఇచ్చామనలేదు, అది నాకు నచ్చింది. పదిమంది కలిసి ఇచ్చారు, రాజు పేరూ అదే వరుసలో ఉంది. ఆడవాళ్ల దానాన్ని ఆడవాళ్ల దానంగానే రాశారు. మీ చదివింపుల పుస్తకం కంటే ఆ స్ఫటికమే నయం.”

మావయ్య ఈ మాటకు ఒప్పుకున్నారు. ఆ స్తూపానికే జరిగింది తలచుకుంటే పాతకాలం మీద గౌరవం గురించి మాట్లాడటానికి నోరు రాదు. తవ్వకానికి ముందే, 19వ శతాబ్దంలో, దాని ఇటుకలు రోడ్డు పనులకు, చెక్కిన పాలరాళ్లు వెల్లటూరు కాలువ లాకు కట్టడానికి పోయాయి.

ఇద్దరి మధ్య తేలనిది ఒక్కటే మిగిలింది. వెనకటి మంచిని నిలబెట్టుకుంటూ వెనకటి అన్యాయాన్ని వదిలించుకోవచ్చా, లేక రెండూ విడదీయరాకుండా అల్లుకుని ఉన్నాయా? విడదీయవచ్చని మావయ్య నమ్మకం. ముందు మగవాళ్లు వంటింట్లోకి రావాలని, ఆ తర్వాతే ఆ మాట నమ్ముతానని మేనకోడలి షరతు. ఆ షరతు న్యాయమైనది.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో పాత చదివింపుల పుస్తకం, చెల్లు వేసిన ప్రోనోటు, మగ్గం కూలి పద్దు ఏది ఉన్నా పాత కాగితాలవాడికి తూకానికి ఇవ్వకండి. ఇంట్లో ఎనభై దాటిన ఆడమనిషి ఉంటే ఈ వారంలోనే ఆవిడ పక్కన కూర్చుని, ఊక పొయ్యి ఎలా కూరేవారో, అందరి భోజనాలూ అయ్యాక తనకు ఏం మిగిలేదో అడిగి, ఆ పుస్తకంలోనే ఒక ఖాళీ పేజీ చూసి, ఆవిడ పేరుతో రాసిపెట్టండి.